ఊరి పిస్తోలెరో

తూము మీద మొదటి గొడ్డలి వేటు పడేసరికి లోస్ తోర్దోస్ ఊళ్ళో సగం ఇళ్ళలో మొక్కజొన్న గంజి ఇంకా పొయ్యి మీదే ఉంది. రెండో వేటు వినబడగానే ఎవరి పలుగు వాళ్ళు, ఎవరి పార వాళ్ళు పట్టుకుని కాలువ గట్టు వైపు పరుగెత్తారు. సెవేరో మెస్తాస్ కొలిమిలో నిప్పు రాజేస్తున్నవాడల్లా వదిలేసి, మసి చేతులతోనే వెళ్ళాడు.

వెళ్ళేసరికి అడ్డుకట్ట సగం లేదు. పశువుల కంపెనీ మనుషులు దుంగలకు గొలుసులు తగిలించి కంచరగాడిదలతో లాగిస్తున్నారు. ఒకడు తూము తలుపు నరుకుతున్నాడు. వేసవి మొదట్లో వచ్చిన కొత్త మేస్త్రీ క్రేల్ గుర్రం దిగకుండా చూస్తున్నాడు. నీళ్ళు ఊరి చేల వైపు తిరగడం మానేసి, రాళ్ళ మీద నుంచి దొర్లుకుంటూ కంపెనీ ఆవులు మేసే పల్లానికి పోతున్నాయి.

కాలువ పెద్ద తెలెస్ఫోర్ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి గొలుసు పట్టుకున్నాడు.

"దొరా, ఈ కట్ట మా తాతలు కట్టింది. మీ గొడ్లకి నీళ్ళు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? కట్ట తెంచితే మేం తినేదేంటి, మన్నా?"

క్రేల్‌కి వాళ్ళ భాష బాగానే వచ్చు. జవాబు చెప్పకుండా కొరడా విసిరాడు. ముసలాయన చెంప కంటి కింద నుంచి పెదవి దాకా చీలింది. రెండోసారి కొరడా మెడకు చుట్టుకుంది. క్రేల్ గుర్రాన్ని వెనక్కి నడిపించాడు. బోర్లా పడిన తెలెస్ఫోర్‌ని, నోట్లోకి బురదనీళ్ళు పోతుంటే గట్టు దాకా ఈడ్చుకుపోయాడు.

"ఒరేయ్, వదలరా ఆయన్ని!" అంటూ సెవేరో బావమరిది నసారియో పార ఎత్తి దూకాడు. క్రేల్ పిస్తోలు తీశాడు. నసారియోని కాల్చలేదు. అతని పక్కనే నిలబడి నెమరేస్తున్న ఊరి ఎద్దును నుదుటి మీద కాల్చాడు. ఎద్దు ముందుకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి, కాసేపు కాళ్ళు కొట్టుకుని ఊరుకుంది. పార నసారియో చేతిలో నుంచి దానంతటదే జారిపోయింది.

అప్పుడు రెఫూహియా ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. పెనం మీది రొట్టె తిప్పే కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"ముసలాళ్ళ మీదా గొడ్ల మీదా ఏంట్రా నీ మగతనం? మా ఊళ్ళో పిస్తోలెరో ఉన్నాడు, తెలుసా? రెండు నదుల మధ్య అలాంటివాడు ఇంకోడు లేడు. పో, వాడి ముందు తియ్యి నీ బొమ్మ తుపాకీ!"

లోస్ తోర్దోస్‌లో జోళ్ళు కుట్టేవాడు సపతేరో, లాడాలు కొట్టేవాడు ఎర్రేరో, పిస్తోళ్ళు బాగుచేసేవాడు పిస్తోలెరో. సెవేరో తండ్రి కాలం నుంచీ ఊళ్ళో అదే వాడుక. కంపెనీ మనుషుల నోట్లో మాత్రం ఆ మాట వేరు. వాళ్ళకి పిస్తోలెరో అంటే రెప్ప పడేలోపు పిస్తోలు దూసి మనిషిని పడగొట్టేవాడు, కిరాయికి ప్రాణాలు తీసేవాడు. రెఫూహియాకి రెండూ తెలుసు. తెలిసే అంది.

క్రేల్ ముఖం మారింది. గట్టు మీది ముఖాల్ని ఒక్కొక్కటీ వెతికాడు. "ఎవడు వాడు?"

అందరూ నేలచూపులు చూశారు. నవ్వొస్తుందేమోనని కొందరు పెదవులు కొరుక్కున్నారు. సెవేరో గుంపు వెనక మసి చేతుల్ని చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. ఆ చేతులు పిస్తోలు పట్టేవే, కానీ బల్ల మీద పెట్టి విప్పడానికి. కుందేలుని కొట్టమంటే కొండను కొట్టే రకం అతను.

"మళ్ళీ వస్తాం" అన్నాడు క్రేల్. దుంగల్ని అక్కడే వదిలేసి మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఊరంతా కలిసి అడ్డుకట్ట తిరిగి కట్టారు. చచ్చిన ఎద్దును కోసి పంచుకున్నారు. తెలెస్ఫోర్ చెంపకు లిబ్రాదా, అంటే సెవేరో భార్య, దారంతో కుట్లు వేసింది. ముసలాయన కుట్లు పడుతుండగానే నవ్వాడు. "చూశావట్రా పిస్తోలెరో, నీ పేరు చెబితే గుర్రాలు కూడా వెనక్కి నడిచాయి!"

పొద్దు వాలేవేళకు పదిమంది కొలిమి ముందు చేరారు.

"నాలుగు రోజులు నడుముకి పిస్తోలు కట్టుకుని గట్టు మీద తిరుగు చాలు" అన్నాడు తెలెస్ఫోర్. "నువ్వేం కాల్చక్కర్లేదు. వాళ్ళు దూరం నుంచి చూసి పోతారు."

"తుపాకీ కట్టుకున్నవాడితో తుపాకీతోనే మాట్లాడతారు మామా" అన్నాడు సెవేరో. "నేను కట్టుకోను."

"మాట నిలబెట్టాలి కదరా! రెఫూహియా అనేసింది."

"అన్నావిడనే కట్టుకోమను."

అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే నసారియో లేచి, గోడ మేకుకున్న పిస్తోలు తీశాడు. దంతపు పిడి, పొడుగాటి గొట్టం, చూస్తే ఎవరికైనా ఇంకోసారి చూడాలనిపించే వస్తువు. బాగుచెయ్యమని ఇచ్చినవాడు తిరిగి రాలేదు. తూటాను కొట్టి పేల్చే సుత్తి ముక్కు విరిగిపోయి ఏడాదిగా గోడకే ఉంది.

"నేను కట్టుకుంటా బావా. ఎలా ఉన్నాను?"

"అది పేలదురా."

"పేల్చేదెవడు? చూపించడానికేగా!"

లిబ్రాదా గుమ్మంలో నుంచి భర్త వైపు చూసింది. వద్దను, అన్నట్టు చూసింది. సెవేరో నోరు తెరిచాడు. గుండెలో మాత్రం ఏదో బరువు దిగినట్టయింది. కట్టుకోవలసింది తాను కాదు. ఆ హాయి ముందు వచ్చింది, తరవాత రావలసిన మాట రాలేదు. నసారియో నడుము సన్నం. పటకా వదులైతే, సెవేరో బల్ల మీద దాన్ని పరిచి, ములుకుతో ఇంకో రంధ్రం పొడిచి, అంచులు నున్నగా రుద్ది ఇచ్చాడు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

నసారియో గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. పెళ్ళి కాలేదు, ఆ ధ్యాస తప్ప ఇంకో ధ్యాస లేదు. రెండు రోజులు కాలువ గట్టు మీద పైకీ కిందకీ తిరిగాడు. బట్టలుతికే ఆడవాళ్ళు "ఏం పిస్తోలెరో, ఈవేళ ఎంతమందిని చంపావు?" అని అడిగితే వేళ్ళు లెక్కపెట్టి చూపించాడు. అవతలి దిబ్బ మీద కంపెనీ రౌతు ఒకడు వచ్చి చాలాసేపు చూసి వెళ్ళాడు. అది చూసి ఊరు ఇంకా సంబరపడింది.

మూడోనాడు మధ్యాహ్నం సెవేరో ఒక తుపాకీ గొట్టంలో చిలుము గీకుతున్నాడు. కాలువ వైపు నుంచి చప్పుడు వినబడింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. చేతిలో ఉన్నది కింద పడేసి పరుగెత్తాడు.

నసారియో గట్టుకి అడ్డంగా, తల నీళ్ళ వైపుగా వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక గుండు పొట్టలోకి, ఇంకోటి కంటి కిందగా పోయాయి. వెనక తల ఉండవలసిన చోట నీళ్ళు ఎర్రగా కదులుతున్నాయి. అయినా పొట్ట మాత్రం ఇంకా ఎగిసి పడుతోంది. సెవేరో దాని మీద రెండు అరచేతులూ నొక్కిపెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా వస్తూనే ఉంది. కాసేపటికి రావడం ఆగింది. అప్పుడు చూశాడు, దంతపు పిడి పిస్తోలు నసారియో కుడిచేతిలోనే ఉంది. సుత్తి వెనక్కి లాగి ఉంది.

వాడు పేల్చబోయాడు. పేలదని తెలిసీ పేల్చబోయాడు. చావు ఎదురుగా నిలబడితే చేతికి ఏం తెలుస్తుంది?

లిబ్రాదా వచ్చి తమ్ముడి తలను నీళ్ళలోంచి ఎత్తి ఒడిలో పెట్టుకోవాలని చూసింది. ఎత్తడానికి పట్టు దొరకలేదు. చివరికి తన పైబట్ట తీసి కింద నుంచి మూటలా చుట్టి ఎత్తింది. ఏడవలేదు. భర్త వైపు చూడలేదు.

శవం ఇంకా మంచం మీదుండగానే కంపెనీ మనుషులు వెళ్ళి అడ్డుకట్ట మొత్తం పీకేశారు. ఈసారి ఎవరూ గట్టు మీదకి పోలేదు.

మర్నాడు పొద్దున్నే షెరీఫ్ తరఫున డెప్యూటీ వచ్చాడు. లావుపాటి మనిషి, ఎండకు కందిపోయిన మెడ. క్రేల్ అప్పటికే ఆయనతో మాట్లాడినట్టున్నాడు. శవాన్ని చూశాడు, దాని చేతిలోంచి పిస్తోలు తీసి చూశాడు.

"చేతిలో తుపాకీ. సుత్తి లాగి ఉంది. ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నారు. కాల్చిన ఆ కంపెనీ తనిఖీ అధికారి చెప్పిందీ అదే. ఇందులో హత్య ఎక్కడుంది?"

"తనిఖీ అధికారా?" రెఫూహియా గొంతు చించుకుంది. "కిరాయి హంతకుణ్ణి తెచ్చి అధికారి అంటే సరిపోతుందా?"

"మీవాడు ఎవడమ్మా మరి? పిస్తోలెరో ఉన్నాడని అరిచింది నువ్వేగా. పదిమంది విన్నారు."

"మా దగ్గర ఆ మాటకి అర్థం అది కాదయ్యా! బాగుచేసేవాడని! వీడు బాగుచేసేవాడు కూడా కాదు. వీడు గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు!"

"మాటకి అర్థం మార్చడం చచ్చాక కుదరదు."

సెవేరో ముందుకొచ్చి డెప్యూటీ చేతిలోంచి పిస్తోలు లాక్కున్నాడు. డెప్యూటీ చెయ్యి నడుముకి పోయేలోపు సెవేరో ఆ గొట్టాన్ని తన కణతకే ఆనించి నొక్కాడు. టక్. మళ్ళీ లాగి నొక్కాడు. టక్. ఇంకోసారి. గది మూల నుంచి ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది.

"నిండా తూటాలున్నాయి, లెక్కపెట్టుకో" అన్నాడు సెవేరో. "దీనికి సుత్తి ముక్కు లేదు. ఇది ఇనప ముక్క. ఇనప ముక్క పట్టుకున్నవాణ్ణి కాల్చారు."

డెప్యూటీ పిస్తోలు తీసుకుని తిప్పి చూశాడు. నిజమేనని అతని ముఖమే చెప్పింది. దాన్ని నసారియో ఛాతీ మీద మెల్లగా పెట్టాడు.

"అవతలివాడికి ఎలా తెలుస్తుంది చెప్పు? పిస్తోలెరో అన్నారు, పిస్తోలు తీశాడు. పిస్తోలెరోకీ పిస్తోలెరోకీ మధ్య చట్టానికి పనేముంది? పాతిపెట్టుకోండి."

పాతిపెట్టి వచ్చిన దగ్గర నుంచి లిబ్రాదా భర్తతో మాట్లాడలేదు. రొట్టెలు చేసి, చిక్కుడు ఉడికించి, పళ్ళెం మీద గుడ్డ కప్పి కొలిమి బల్ల చివర పెట్టి వెళ్ళేది. సెవేరో తినేవాడు కాదు. పని మాత్రం చేసేవాడు. చేతులు ఖాళీగా ఉంటే వాటిలోకి మళ్ళీ ఆ వెచ్చదనం వచ్చేది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. చేలలో మొక్కజొన్న ఆకులు చుట్టుకుపోవడం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం కొలిమి ముందు గుర్రం ఆగింది. గుర్రం తుంటి మీద కంపెనీ ముద్ర ఉంది. దిగినవాడు సన్నగా పొడుగ్గా, నెరుస్తున్న మీసంతో, బడిపంతులులా ఉన్నాడు. టోపీ తీసి మరీ లోపలికొచ్చాడు.

"తుపాకులు బాగుచేసేది నువ్వేనా?" సరిహద్దు ప్రాంతంలో పెరిగిన తెల్లవాళ్ళ యాసలో అడిగాడు.

"నేనే."

"ప్రూయిట్ నా పేరు. దీని సంగతి చూడు. సుత్తి లాగితే గుళ్ళ చక్రం తిరగట్లేదు. ఉన్నచోటే చచ్చింది."

సెవేరో పిస్తోలు అందుకుని, గుళ్ళు రాల్చి, చక్రం ఊడదీసి, పిడి మరలు విప్పాడు. చక్రాన్ని తోసే కొక్కెం వెనకుండే చిన్న స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. వెంట్రుకంత సన్నటి ముక్క. అది లేకపోతే ఎంత గొప్ప పిస్తోలైనా ఒక్క గుండుతో సరి.

"స్ప్రింగు పోయింది. కొత్తది చెయ్యాలి."

"చెయ్యి. తొందరేం లేదు." ప్రూయిట్ ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. బల్ల చివర గుడ్డ ఎత్తి చూశాడు. "ఎవరిదిది? తినట్లేదా నువ్వు?" అని, జవాబు కోసం ఆగకుండా రొట్టె చుట్టి చిక్కుడులో ముంచాడు. "అబ్బ. కారం బాగా పడింది. మా గుడారంలో వండేవాడికి నేర్పాలి ఇది."

సెవేరో విరిగిన రంపపు బ్లేడు నుంచి సన్నటి పీలిక కోసి, ఆకురాయితో అరగదీయడం మొదలెట్టాడు.

"ఎప్పుడు పాడయింది?"

"మొన్న కాలువ దగ్గర. రెండు గుళ్ళు పోయాయి, మూడోది రాలేదు. అదృష్టం, మూడోది అక్కర్లేకపోయింది."

ఆకురాయి ఆగింది. మళ్ళీ కదిలింది.

"దేన్ని కాల్చారు?"

"మీవాణ్ణే. ఆ పిస్తోలెరోని." మాటలో గొప్పలు లేవు. లాడం కొట్టానన్నట్టే అన్నాడు. "కోపం పెట్టుకోకు. వాడి పనీ నా పనీ ఒకటే. కంపెనీ వాళ్ళు నన్ను తనిఖీ అధికారి అంటారు. కిందటేడు గొర్రెలవాళ్ళ తరఫున చేశాను, అప్పుడు ఇదే కంపెనీ నన్ను హంతకుడంది. జీతమిచ్చేవాణ్ణి బట్టి పేరు మారుతుంది. చెయ్యి మారదు."

సెవేరో పీలికను పట్టకారుతో పట్టి నిప్పుల్లో పెట్టాడు. తిత్తి తొక్కాడు. ఎర్రబడగానే నూనెలో ముంచాడు. బుస్సుమని పొగ లేచింది. మళ్ళీ నిప్పుకు దూరంగా పట్టుకుని, నీలిరంగు తేలేదాకా చూశాడు. కళ్ళు అక్కడే పెట్టాడు. తల ఎత్తితే ఏమవుతుందో అతనికే తెలియదు.

అప్పుడే వీధిలో నుంచి రెఫూహియా గొంతు వినిపించింది. "ఒరే పిస్తోలెరో! నా తలుపు గొళ్ళెం అయిందా లేదా?"

ప్రూయిట్ పీట మీద నుంచి లేచిన సంగతి సెవేరో చూడలేదు. చూసేసరికి అతను గోడకు వీపు ఆనించి ఉన్నాడు. కుడిచెయ్యి నడుము దగ్గర ఖాళీ తోలుసంచిలో వెతుకుతోంది. ముఖంలో చుక్క నెత్తురు లేదు. పిస్తోలు ముక్కలు ముక్కలుగా బల్ల మీద, సెవేరో ముందు ఉంది.

"రేపు రా అవ్వా!" అని కేకేశాడు సెవేరో. తరవాత ప్రూయిట్‌తో అన్నాడు, "కూర్చోండి. మీరనుకునేది కాదు. ఈ ఊళ్ళో ఆ మాటకి బాగుచేసేవాడని అర్థం. జోళ్ళు కుట్టేవాణ్ణి సపతేరో అనట్లేదా? అలాగే."

ప్రూయిట్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటే... ఆ రోజు కట్ట దగ్గర ముసలిది అరిచింది... నీ గురించి?"

"నా గురించే."

"నువ్వు కాల్చలేవా?"

"గోడని కొట్టగలను. అదీ దగ్గర్నుంచి."

ప్రూయిట్ మెల్లగా పీట మీద కూలబడ్డాడు. భుజాలు కదలడం మొదలెట్టాయి. "క్రేల్ నన్ను అంత దూరం నుంచి పిలిపించాడు" అన్నాడు. "రిపేరువాడి కోసం!" పగలబడి నవ్వాడు. నోట్లో రొట్టె అడ్డుపడి దగ్గి, మళ్ళీ నవ్వాడు. క్రూరమైన నవ్వు కాదు. మంచి హాస్యం వింటే ఎవరైనా నవ్వే నవ్వు.

"ఆగు, ఆగు. మరి వాడెవడు? కాలువ దగ్గరవాడు?"

"నా భార్య తమ్ముడు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు."

"మరి తీశాడే పిస్తోలు! చెట్ల చాటు నుంచి నేను బయటికి రాగానే నా ముఖం మీదకి గురిపెట్టాడు. టక్, టక్ అంది. తూటాలు తడిశాయనుకున్నా."

"దానికి సుత్తి ముక్కు లేదు."

"ముక్కు లేదా!" ప్రూయిట్ తొడ చరుచుకున్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, వాడి ముఖం చూడాల్సింది. టక్‌మన్నప్పుడల్లా పిస్తోలు వంక చూస్తాడు, అది తిట్టినట్టు. ఓరి దేవుడా... సరేలే. నీకేం భయం లేదు. క్రేల్‌కి నేను చెప్తాను. ఆ ఊళ్ళో ఎవడూ లేడురా, ఉన్నది రిపేరువాడని చెప్తా."

సెవేరో స్ప్రింగును కొక్కెం వెనక దూర్చి, మరలు బిగించి, చక్రం ఎక్కించాడు. సుత్తి లాగి వదిలాడు. చక్రం తిరిగింది. క్లిక్కు క్లిక్కుకీ సరిగ్గా వచ్చి నిలబడింది. మంచి పని. ఎప్పుడూ చేసినట్టే చేశాడు.

"ఒక తూటా ఇవ్వండి. పేల్చి చూడాలి."

బాగుచేసిన ప్రతి పిస్తోలునూ పెరటి మట్టిగోడలోకి ఒకసారి పేల్చి చూడటం అతని అలవాటు. ప్రూయిట్ ఇంకా నవ్వుకుంటూనే బల్ల మీది తూటాల్లో రెండు వేళ్ళతో ఒకటి తీసి అందించాడు. ఇంకో చేత్తో రొట్టె ముక్క తీసుకున్నాడు.

సెవేరో తూటా పెట్టి, చక్రం సరిచేసి, పెరటి గుమ్మం వైపు నడిచాడు. చెయ్యి చాపి గోడకు గురిపెట్టాడు. వెనక ప్రూయిట్ తనలో తనే "టక్, టక్" అని మళ్ళీ నవ్వాడు.

సెవేరో వెనక్కి తిరిగి, ఒక్క అడుగు వేసి, ప్రూయిట్ ఛాతీ మీద పెట్టి పేల్చాడు.

కొలిమి అంతా తెల్లటి పొగ. ప్రూయిట్ పీటతో సహా వెనక్కి పడ్డాడు. అంత దగ్గర నుంచి మందు మంట తగిలి చొక్కా అంటుకుంది. సెవేరో పరుగున వెళ్ళి తోలుగుడ్డతో చొక్కా మీది మంటను టపటపా కొట్టి ఆర్పాడు. కొలిమిలో దేనికి నిప్పంటుకున్నా చేతులు అదే పని చేస్తాయి. ఆర్పాక చూశాడు, ఛాతీలో రంధ్రం నుంచి నురగ వస్తోంది. ప్రూయిట్ నోట్లో రొట్టె ముక్క ఇంకా ఉంది. దవడ ఇంకా నములుతోంది. కళ్ళు సెవేరోనే చూస్తున్నాయి. వాటిలో కోపం లేదు. ఈ మనిషే కాల్చాడంటే నమ్మలేకపోతున్న కళ్ళు.

"నీళ్ళు" అన్నాడు.

చప్పుడు విని లిబ్రాదా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో నీళ్ళకుండ ఉంది.

"ఇతనేనా?" అంది. తమ్ముడు పోయాక భర్తతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"ఇతనే."

ఆమె కుండను కుదురు మీద పెట్టి మూత వేసింది. గోడకు ఆనుకుని కూర్చుంది. ప్రూయిట్ చావడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు నేలను కాళ్ళతో తన్నాడు. ఒకసారి ఎవరిదో ఆడపేరు పిలిచాడు. సెవేరోకి చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినబడలేదు. ఆ హోరులో, వినబడకపోతే బాగుండుననిపించిన ఆ పేరు ఒక్కటే వినబడింది.

మర్నాడు శవాన్ని తీసుకుపోవడానికి క్రేల్ స్వయంగా బండి తోలుకొచ్చాడు. వెంట డెప్యూటీ. ఊరంతా వీధిలో నిలబడింది. క్రేల్ సెవేరో ముందుకొచ్చి టోపీ తీశాడు. గుర్రం దిగి నడవడం అతనికి అలవాటు లేదు. అయినా ఊరు దాటేదాకా బండి పక్కన నడిచే వెళ్ళాడు.

"ఎలా జరిగింది?" అడిగాడు డెప్యూటీ.

"ముందు అతనే తీశాడు" అంది రెఫూహియా. "మేమంతా చూశాం."

"రెప్ప వేసేలోపు" అన్నాడు తెలెస్ఫోర్, కుట్లు ఇంకా విప్పని చెంపతో. "మావాడి చెయ్యి కనబడితేగా!"

"అబద్ధం" అన్నాడు సెవేరో. "అతని దగ్గర తుపాకీ లేదు. నా పీట మీద కూర్చుని నా రొట్టె తింటున్నాడు. అతని పిస్తోలుతోనే కాల్చాను."

డెప్యూటీ అతన్ని తేరిపార చూశాడు. నెమ్మదిగా నవ్వాడు. "ఆయన పిస్తోలు లాక్కుని మరీ కాల్చావా? అంతటివాణ్ణా?" తల ఊపాడు. "మొన్నే చెప్పానుగా. పిస్తోలెరోకీ పిస్తోలెరోకీ మధ్య చట్టానికి పనిలేదు."

"నేను పిస్తోలెరో కాదు" అన్నాడు సెవేరో. ఊళ్ళో ఒకరు ఆ మాటను కంపెనీ వాళ్ళ అర్థంలో అనడం అదే మొదటిసారి. ఎవరికీ అర్థం కాలేదు. కొందరు నవ్వారు.

అడ్డుకట్ట మళ్ళీ లేచింది. ఈసారి దిబ్బ మీదకి రౌతులెవరూ రాలేదు. నీళ్ళు చేలకెక్కాయి. చుట్టుకుపోయిన మొక్కజొన్న ఆకులు విప్పుకున్నాయి. లిబ్రాదా మాట్లాడుతోంది, నవ్వుతోంది కూడా. రోజూ భర్త ముందు పళ్ళెం పెట్టి, అతను తినేదాకా నిలబడుతోంది.

కొలిమికి మాత్రం తుపాకులు రావడం తగ్గింది. ఎగువ ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. సెవేరో "ఏం పాడయింది?" అని చెయ్యి చాపితే, చేతిలో ఏమీ పెట్టలేదు. పొలం గట్టు జరిపిన పక్కింటివాడి పేరు చెప్పి, వాడు ఏ దారిన ఇంటికెళతాడో వివరించబోయాడు. సెవేరో అతన్ని కాలర్ పట్టుకుని వీధిలోకి తోశాడు. కింద పడినవాడు తిట్టలేదు. దుమ్ము దులుపుకుని, తప్పు తనదేనన్నట్టు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆ వారంలోనే తెలెస్ఫోర్ వచ్చాడు. తూము తలుపు మడతబందు తెచ్చాడు. గుమ్మం బయటే ఆగి దగ్గాడు. సెవేరోని భుజాల మీద మోసి పెంచిన మనిషి, ఏనాడూ గుమ్మం దగ్గర ఆగి ఎరగడు.

"లోపలికి రా మామా. అక్కడే నిలబడ్డావేం?"

"మీకు తీరికుంటేనే" అన్నాడు తెలెస్ఫోర్. "ఇది కాస్త వంగింది. తొందరేం లేదండీ."

సెవేరో మొదట వేళాకోళమనుకున్నాడు. ముసలాయన ముఖం చూశాడు. కుట్ల మచ్చ కింద చెంప బిగిసి ఉంది. వేళాకోళం కాదు.

"మీరేంటి మామా, అండీ ఏంటి? ఇటివ్వు" అని సెవేరో లేచాడు. బల్ల కింద పట్టకారు అందుకోవడానికి వంగి చెయ్యి చాపాడు.

మడతబందు ఠంగున నేల మీద పడింది. సెవేరో తల ఎత్తి చూశాడు. తెలెస్ఫోర్ గుమ్మానికి అతుక్కుపోయి, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.